జెంటూ: మన భాషకు ఇంగ్లిషువాళ్లు వాడిన పాత పేరు

1814, 1816, 1817. ఈ కొద్ది ఏళ్లలోనే తెలుగు నేర్చుకోవాలనుకున్న ఇంగ్లిషువాళ్ల కోసం మూడు వ్యాకరణాలు అచ్చయ్యాయి. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ వేసిన మొదటి పుస్తకం పేరులో మన భాష 'తెలింగాన'. మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ వేసిన రెండోదాంట్లో 'తెలూగూ', ఆ పక్కనే 'జెంటూ అని అందరూ పిలిచేది' అనే వివరణ. మూడోది విలియం బ్రౌన్‌ది. నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ కాదు, ఈయన వేరు. ఈ మూడో పుస్తకం పేరులో తెలుగు అన్న మాటే కనిపించదు. మద్రాసుకు ఉత్తరాన, వాయవ్యాన ఉండే జెంటూ జనం మాట్లాడే 'జెంటూ భాష' వ్యాకరణం అని ఉంటుంది.

ఈ మూడు పేర్లూ ఒక్క భాషవే. క్యాంప్‌బెల్ పెట్టిన పేరును కొంచెం ఆగి చూడాలి. అసలు పేరు తెలుగు అని ఆయనకు తెలుసు. కానీ ఆ ఒక్క ముక్క అచ్చు వేస్తే, కొనే దొరకు అది ఏ భాషో తెలియకపోవచ్చు. అందుకని జెంటూ అన్న మాటను తోడు తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటికే మద్రాసు ఇంగ్లిషువాళ్ల నోళ్లలో ఆ మాట ఒకటిన్నర శతాబ్దాలకు పైగా నలిగి ఉంది. తర్వాత వందేళ్లు తిరక్కుండానే వాడుక నుంచి తప్పుకుంది. ఇప్పటి ఇంగ్లిషు నిఘంటువుల్లో అది పాతబడిన పదం.

ఆ మాటను పరిచయం చేసేవాళ్లు ఎక్కువగా 'జెంటూ అంటే తెలుగు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగమే నిజం. కలకత్తాలోనో లండన్‌లోనో అచ్చయిన 18వ శతాబ్దపు పుస్తకంలో ఈ మాట కనిపిస్తే దానికి తెలుగుతో ఏ సంబంధమూ లేకపోవడమే ఎక్కువ. మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ కోట కాగితాల్లో కనిపిస్తే కథ వేరు. ఎక్కడ ఏ అర్థమో తెలియాలంటే పోర్చుగీసువాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

పోర్చుగీసులో 'జెంతియు' అంటే క్రైస్తవుడు, యూదుడు, ముస్లిం కానివాడు. అది లాటిన్ 'జెంటిలిస్' నుంచి వచ్చింది. లాటిన్‌లో 'జెన్స్' అంటే వంశం, కులం, జనం. ఒకే వంశానికి చెందినవాడు జెంటిలిస్. ఇందులో మొదట తిట్టేమీ లేదు. ఇంగ్లిషులో జెంటిల్‌మన్, జెంటిల్ అన్న మర్యాద మాటలకూ మూలం ఇదే. చర్చి లాటిన్‌లోకి వచ్చేసరికి యూదులు కాని జనాలను, ఆ తర్వాత క్రైస్తవులు కాని జనాలను ఇదే మాటతో పిలవడం మొదలైంది. తెలుగు బైబిలు చదివినవాళ్లకు దీని అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ 'అన్యజనులు' అని ఉన్నది ఈ మాటకే.

1498లో వాస్కోడగామా కాలికట్ దగ్గర దిగినప్పుడు అతని మనుషులు అక్కడి హిందువులను చూసి వీళ్లూ ఒక రకం క్రైస్తవులే అనుకున్నారు. ఆ భ్రమ తొందరగానే వదిలింది. తర్వాత వచ్చిన పోర్చుగీసు రాతల్లో ఇక్కడి మనుషులు రెండు గంపల్లో పడ్డారు. ముస్లింలు మూరులు, మిగిలినవాళ్లు జెంతియులు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఉత్తర ఆఫ్రికా ముస్లింలతో శతాబ్దాల పాటు పోరాడి వచ్చినవాళ్లకు ఎక్కడ ముస్లిం కనిపించినా మూరే. మలబారు వర్తకుడైనా, బీజాపూరు సుల్తానైనా అంతే. శైవుడు, వైష్ణవుడు, జైనుడు అన్న తేడాలేవీ ఆ రెండో గంపలో లెక్కకు రాలేదు. తాము కాని మనుషులకు ముందే సిద్ధంగా ఉన్న పెద్ద చీటీలు తగిలించడం ఇది. ఈ అలవాటు ఒక్క పోర్చుగీసువాళ్లదే కాదు, మ్లేచ్ఛ అన్న మాటను మనవాళ్లూ అలాగే వాడారు.

పోర్చుగీసువాళ్ల తర్వాత వచ్చిన ఇంగ్లిషువాళ్లు చాలా మాటల్ని వాళ్ల దగ్గరే అరువు తెచ్చుకున్నారు. అప్పట్లో తీరప్రాంతపు వ్యాపారానికి పోర్చుగీసే ఉమ్మడి భాష. కాస్ట్, ఆయా, పాలంక్విన్ లాంటివన్నీ ఆ దారిన వచ్చినవే. జెంతియు ఇంగ్లిషు నోట్లో జెంట్యూ అయింది, జెంటూ అయింది. 17వ శతాబ్దపు కాగితాల్లో ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు. రెండు 'ఓ' అక్షరాలతో ముగిసే రూపం తర్వాత స్థిరపడింది.

ఈ మాట పుట్టుక గురించి చాలాకాలం ఇంకో కథ నడిచింది. ఆ కథ తప్పే అయినా విడిచిపెట్టలేనంత ఆసక్తికరమైనది.

1772లో బెంగాలు గవర్నరు వారెన్ హేస్టింగ్స్ అక్కడ ఒక ఏర్పాటు చేశాడు. వారసత్వం, పెళ్లి లాంటి వ్యాజ్యాల్లో ముస్లింలకు ఖురాను ప్రకారం, హిందువులకు శాస్త్రాల ప్రకారం తీర్పు చెప్పాలని. శాస్త్రమంటే ఏ శాస్త్రం? తీర్పు చెప్పే దొరకు సంస్కృతం రాదు. అందుకని పదకొండు మంది పండితులను కూర్చోబెట్టి ధర్మశాస్త్రాల నుంచి 'వివాదార్ణవసేతు' అనే సంగ్రహం రాయించారు. దాన్ని పారసీలోకి మార్చారు. ఆ పారసీ నుంచి నథానియల్ బ్రాసీ హాల్‌హెడ్ అనే యువ ఉద్యోగి ఇంగ్లిషు చేశాడు. 1776లో లండన్‌లో అది 'జెంటూ చట్టాల స్మృతి' అన్న పేరుతో వెలువడింది. తెలుగువాళ్లు ఈ పేరు చూసి తొందరపడకూడదు. అందులో తెలుగు లేదు, తెలుగు నేల ఆచారం లేదు. అక్కడ జెంటూ అంటే హిందువు, అంతే.

ఆ పుస్తకం ముందుమాటలో హాల్‌హెడ్ ఈ పదాన్ని విప్పే ప్రయత్నం చేశాడు. సంస్కృతంలో 'జంతు' అన్న మాట ఉంది, దానికి ప్రాణి అనీ, ఇంకాస్త ఇరుకుగా మనిషి అనీ అర్థం అన్నాడు. బ్రహ్మను నమ్మేవాళ్లకు మాత్రమే ఆ మాట వాడటం సంస్కృతంలో గానీ బెంగాలీలో గానీ లేదని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. స్థానికుల నోట 'జంతు' అన్న మాట తరచుగా విని, పోర్చుగీసువాళ్లు అదే వీళ్ల పేరు అనుకుని ఉండొచ్చు, లేదా తమ జెంటైల్ అన్న మాటను అందులో చూసుకుని ఉండొచ్చు అని ఆయన ఊహ.

ఊహ నిలబడదు. పోర్చుగీసువాళ్లు ఇదే మాటను బ్రెజిల్ ఆదివాసులకూ, పడమటి ఆఫ్రికా జనాలకూ వాడారు. అక్కడ వాళ్లకు సంస్కృతం వినిపించే అవకాశం ఎక్కడిది? మాట వాళ్ల ఓడల్లోనే వచ్చింది, ఇక్కడ పుట్టలేదు.

అయితే ఈ తప్పుదారి చివర ఒక నిజం ఉంది. లాటిన్ 'జెన్స్', సంస్కృత 'జంతు' రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. పుట్టుకను సూచించే ఆదిమ ధాతువొకటి సంస్కృతంలో 'జన్' అయింది. దాన్నుంచి జననం, జన్మ, జాతి, జనం, జంతువు వచ్చాయి. అదే లాటిన్‌లో జెన్స్, జెనస్ అయింది. ఇంగ్లిషు జెంటూ సంస్కృత జంతువుకు బిడ్డ కాదు. కానీ ఆరేడు వేల ఏళ్ల వెనక్కి వెళ్తే ఇద్దరికీ పూర్వీకులు ఒక్కరే. మన బైబిలులోని 'అన్యజనులు' అన్న మాటలో ఉన్న 'జన' కూడా ఆ ఇంటిదే. ఈ చుట్టరికాన్ని లోకానికి గట్టిగా చాటినవాడు కలకత్తాలో జడ్జీగా ఉన్న విలియం జోన్స్, 1786లో. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1778లో, తన బెంగాలీ వ్యాకరణం ముందుమాటలో సంస్కృత పదాలకూ లాటిన్, గ్రీకు పదాలకూ ఉన్న పోలిక చూసి ఆశ్చర్యపోయినవాడు ఈ హాల్‌హెడ్డే. జెంటూ విషయంలో ఆయన పొరపడ్డాడు గానీ, ఆయన చెవి మాత్రం పొరపడలేదని నేను నమ్ముతాను.

ఇక మద్రాసు సంగతి. హిందువులందరికీ ఉన్న పేరు అక్కడ ఒక్క తెలుగువాళ్లకే ఎందుకు పరిమితమైంది?

దీనికి ప్రసిద్ధమైన జవాబు యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఉంది. 1886 నాటి ఆ పుస్తకం ఆంగ్లో-ఇండియన్ మాటలకు ఇప్పటికీ పెద్ద దిక్కు. పోర్చుగీసువాళ్లు వచ్చేనాటికి దక్షిణాదిలో పెద్ద రాజ్యం విజయనగరం, దాని అధికారుల్లో తెలుగువాళ్లు ఎక్కువ, కాబట్టి 'జెంతియులు' అంటే ముందుగా గుర్తొచ్చేది తెలుగువాళ్లే అయ్యారు, వాళ్ల భాష జెంతియు భాష అయింది అన్నది వాళ్ల వాదన. విజయనగరాన్ని ఏకంగా తెలుగు రాజరికం అనేశారు. అంత సూటిగా అనడం సరికాదు. ఆ రాజుల శాసనాలు కన్నడంలో ఉన్నాయి, తెలుగులో, తమిళంలో, సంస్కృతంలో ఉన్నాయి. రాజధాని కన్నడ నేల మీద ఉంది. కానీ 1565 తర్వాత రాజ్యం పెనుగొండకూ చంద్రగిరికీ జరిగాక, తమిళ దేశంలో మధుర, తంజావూరు నాయకులు తెలుగు మాట్లాడే ఏలికలయ్యాక, ఆ వాదనకు బలం ఉంది.

నా మటుకు నాకు ఇంకో కారణం దీనికంటే దగ్గరగా కనిపిస్తుంది. ఇంగ్లిషువాళ్లు తూర్పు తీరంలో మొదట కాలు పెట్టింది తమిళ దేశంలో కాదు. 1611లో మచిలీపట్నంలో దిగారు. తర్వాత నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో కోట కట్టుకున్నారు, దాన్ని ఆర్మగాన్ అనేవారు. అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి జరిగి 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసు స్థలం సంపాదించాడు. ఆ స్థలం ఇచ్చింది చంద్రగిరి రాజు కింద ఉన్న నాయకుడు, దామెర్ల వెంకటాద్రి. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అన్న పేరు వచ్చిందంటారు. కోటలో మొదటి తరం దుబాసీలలో, సరుకు ఒప్పందాలు కుదిర్చిన పెద్ద వర్తకులలో బేరి తిమ్మన్న, కాసి వీరన్న వంటి తెలుగువాళ్లు ముందు వరసలో ఉన్నారు. ముప్పై ఏళ్ల పాటు తీరం వెంబడి దిగుతూ వచ్చిన ఇంగ్లిషు వర్తకుడికి 'ఇక్కడి హిందువు' అంటే తెలుగు మాట్లాడేవాడే. మద్రాసుకు వచ్చాక పక్కనే ఇంకో భాష, ఇంకో జనం కనిపించారు. వాళ్లకు వేరే పేరు కావాల్సి వచ్చింది.

ఆ పేరు కూడా పోర్చుగీసువాళ్లదే: మలబారు. పడమటి తీరంలో మొదట మలబారును చూసిన పోర్చుగీసువాళ్లు తమిళాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచారు. ఆ పొరపాటు వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ అంటింది. తరంగంబాడి జర్మన్ మిషనరీల కాగితాల్లోనూ తమిళం చాలాకాలం మలబారు భాషే. అలా మద్రాసులో రెండు భాషలకూ రెండు అరువు పేర్లు స్థిరపడ్డాయి. తమిళం మలబారు, తెలుగు జెంటూ. ఒక ఊరి పేరు ఇంకో ఊరి భాషకు, ఒక మతపు చీటీ ఒక భాషకు.

మూర్ అన్న మాటకూ ఇదే జరిగింది. 1772లో జార్జ్ హ్యాడ్లీ వేసిన హిందుస్తానీ వ్యాకరణం పేరులో ఆ భాషను 'మూర్స్ అని అందరూ పిలిచేది' అన్నాడు. క్యాంప్‌బెల్ 1816లో తెలుగుకు రాసిన వివరణా ఇదే తీరు. మతానికి పెట్టిన పేర్లు రెండూ భాషల మీద కూర్చున్నాయి.

పాత ఇంగ్లిషు పుస్తకంలో జెంటూ కనిపిస్తే దాని పక్కన ఏ మాట నిలబడి ఉందో చూడాలి. 'మూర్లూ జెంటూలూ' అని జంటగా వస్తే అది మతం సంగతి, అక్కడ జెంటూ అంటే హిందువు. 'మలబార్లూ జెంటూలూ' అని వస్తే అది భాష సంగతి, అక్కడ జెంటూ అంటే తెలుగువాడు. మద్రాసు కోట లెక్కల్లో జెంటూ భాషలో రాసిన ఉత్తరం అంటే తెలుగు ఉత్తరమే. బెంగాలు గవర్నరుకు జెంటూల ఆచారాలు వివరించిన వ్యాసంలో తెలుగువాళ్ల జాడ వెతకడం దండగ. ఒంటరిగా కనిపిస్తే మాత్రం రాసినవాడు ఏ ప్రెసిడెన్సీలో పనిచేశాడో కనుక్కోవాలి.

హిందువు అన్న అర్థంలో ఈ మాట 18వ శతాబ్దం చివరికి వెనకబడింది. 1776లో హాల్‌హెడ్‌ది 'జెంటూ చట్టాల స్మృతి'. 1794లో కలకత్తాలో విలియం జోన్స్ మనుస్మృతిని అనువదించి వేసినప్పుడు పేరు 'హిందూ చట్ట విధులు'. మధ్యలో పద్దెనిమిదేళ్లు. ఈ మధ్యకాలంలోనే కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ పుట్టింది, ఇంగ్లిషువాళ్లు పారసీ మీద ఆధారపడటం తగ్గించి సంస్కృతం నేరుగా చదవసాగారు. లోతుగా చదివినకొద్దీ పోర్చుగీసు నావికుల మాట నాటుగా తోచి ఉంటుంది. హిందూ అన్నదీ బయటివాళ్లు పెట్టిన పేరే, పారసీ నుంచి వచ్చింది. కానీ అప్పటికే ఈ దేశంలో వాడుకలో ఉంది.

తెలుగు అన్న అర్థంలో మాత్రం అది మద్రాసులో ఇంకా చాలాకాలం బతికింది. 1886లో యూల్, బర్నెల్ కూడా ఆ అర్థంలో అది మద్రాసులో ఇంకా కాస్త మిగిలి ఉందేమో అని రాశారు. కానీ దాని వేళ్లు తెగడం మొదలైంది క్యాంప్‌బెల్ పుస్తకంతోనే అనుకుంటాను. 1812లో మద్రాసులో సెయింట్ జార్జ్ కోట కళాశాల ఏర్పడింది. కంపెనీ కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని పని. దాన్ని నడిపినవాడు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. క్యాంప్‌బెల్ వ్యాకరణానికి ఆయన ఒక పొడవైన పరిచయ వ్యాసం చేర్చాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి అది వేరే కుటుంబమనీ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల పుస్తకం వేయడానికి సరిగ్గా 40 ఏళ్ల ముందు మాట ఇది. తెలుగు ఏ కుటుంబానిదో తేల్చిన వ్యాసం, 'జెంటూ' అన్న మాట అట్ట మీద ఉన్న పుస్తకంలోనే ఉంది. భాషను ఆ మాత్రం అర్థం చేసుకున్నాక 'అన్యుల భాష' అన్న పేరు ఎంతకాలం నిలుస్తుంది? సి.పి. బ్రౌన్ 1852లో నిఘంటువు వేసేనాటికి పుస్తకం పేరులో తెలుగు తెలుగుగానే నిలబడింది, పక్కన వివరణ అక్కర్లేకపోయింది.

ఈ మాట అవమానమా అని కొందరు అడుగుతారు. పుట్టుకలో చిన్నచూపు ఉంది, దాన్ని కప్పిపుచ్చాల్సిన పని లేదు. అయితే 18వ శతాబ్దపు మద్రాసు గుమాస్తా జెంటూ అని రాసేటప్పుడు అతని మనసులో బైబిలు ఉండేదని నేననుకోను. అప్పటికి అది అరిగిపోయిన నాణెం, ముద్ర కనపడదు, చెల్లుబాటు మాత్రం అవుతుంది. కోపం తెచ్చుకోవడం కంటే, బయటివాళ్లు మనల్ని ఎక్కడ, ఏ పనిలో, ఎవరి పక్కన చూశారో ఇలాంటి పేర్లలో చదువుకోవడం మేలు. మద్రాసు ప్రాంతం నుంచి కంపెనీ సిపాయిలు వెళ్లడంతో బెంగాలులో 'తెలింగా' అంటే సిపాయి అయింది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ ఉత్తరాది సిపాయిల్ని కూడా ఊరివాళ్లు తిలంగాలనే అన్నారు, వాళ్లలో తెలుగువాళ్లు లేకపోయినా. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన కూలీలు బర్మాలో 'కోరంగీ'లయ్యారు. మలయా దీవుల్లో కళింగం పేరు 'క్లింగ్'గా మారి, కాలక్రమాన అక్కడి భారతీయులు వినడానికి ఇష్టపడని మాట అయింది. మద్రాసు కోట గుమ్మం దగ్గర వర్తకుడిగా కనిపించిన తెలుగువాడు జెంటూ, తుపాకీ పట్టిన తెలుగువాడు తెలింగా, మూట నెత్తిన పెట్టుకున్న తెలుగువాడు కోరంగీ.

ఈరోజు జెంటూ అని వెతికితే ముందు వచ్చేది మాత్రం ఒక పెంగ్విన్. దక్షిణ ధ్రువం వైపు, ఫాక్‌లాండ్ దీవుల్లో ఉంటుంది. నల్లటి తల మీద ఒక కన్ను నుంచి ఇంకో కన్ను దాకా తెల్లటి పట్టీ ఉంటుంది. ఆ పట్టీ తలపాగాలా ఉందని నావికులు ఆ పేరు పెట్టారని ఒక ఊహ ఉంది, ఊహగానే తీసుకోవాలి. దాని శాస్త్రీయ నామం ఇంకా విచిత్రం. 1781లో ఫార్‌స్టర్ 'పపువా' అని పెట్టాడు, పపువాలో పెంగ్విన్లే లేవు. నీళ్లలో పెంగ్విన్లన్నిటికంటే వేగంగా ఈదేది ఇదే కాబట్టి, వేగం కోరుకునే ఒక లినక్స్ (కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ) రూపానికి డేనియల్ రాబిన్స్ దాని పేరు పెట్టాడు. 2002లో దాని మొదటి పూర్తి విడుదల వచ్చింది. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించుకునే తెలుగు కుర్రాళ్లకు ఆ పేరు ఒకప్పుడు తమ భాషదని తెలియకపోవచ్చు.

పాత మద్రాసు రికార్డుల్లో మన ఊళ్ల, మన ఇళ్ల ఆనవాళ్లు వెతికేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. కోట సంప్రదింపుల పుస్తకాలు చాలావరకు అచ్చయ్యాయి, ఇప్పుడు తెర మీదే చదవొచ్చు. 17వ, 18వ శతాబ్దాల కాగితాల్లో తెలుగు అన్న మాట కొట్టి వెతికితే దొరికేది కొద్దే. జెంటూ అని వెతకాలి. మొదటి అక్షరం 'జి'తోనూ 'జె'తోనూ, చివర రెండు 'ఓ'లతోనూ 'యు', 'ఇ'లతోనూ మార్చి మార్చి వెతకాలి. తెలింగా, తలింగా కూడా కలుపుకోవాలి. కనిపించిన ప్రతిచోటా పక్కన మూర్ ఉన్నాడా, మలబారు ఉన్నాడా అని చూసుకుని గానీ లెక్కలోకి తీసుకోకూడదు.